పదికి ఎన్ని?

నారింజ తొక్క చిట్లింది.

కారు నిండా వాసన. స్టీరింగు మీద, సీట్ల మీద, నా వేళ్ల మీద — ముక్కులోకి దూసుకుపోయే పచ్చి వాసన.

మా పెరటి చెట్టు ఈ ఏడు మూడంటే మూడే కాసింది. అక్టోబరు కాయలు, ఇంకా పండలేదు. మూడూ తెంపి సంచిలో వేసుకొచ్చాను. ఏటా ఇక్కడి పార్కులో జరిగే తిండి పండగకి వచ్చినప్పుడల్లా, గేటు బయట కారు ఆపి ఒక నారింజ ఒలుచుకు తినడం మా ఆనవాయితీ. నాలుక నిద్ర లేవాలి కదా.

ఒక తొన వెండెల్ నోట్లో పెట్టాను.

"అమ్మో, ఏం పులుపు!" అన్నాడు నా మొగుడు.

పులుపు తగిలితే తన ఎడమ కన్ను టక్కున మూసుకుంటుంది. వాళ్ల నాన్నకీ అంతే. కానీ పొద్దుటెండకి నల్లద్దాలు పెట్టుకున్నాడు. నేను కన్ను చూడలేదు. పులుపు అన్నాడు, అది చాలు నాకు.

జనవరిలో తన గొంతులో గడ్డ కనిపించింది. రేడియేషన్ ఇచ్చారు. గడ్డ పోయింది. గడ్డతో పాటు రుచీ పోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అంది డాక్టరమ్మ. ఏం పెట్టినా అట్టముక్క నమిలినట్టుందనేవాడు. తనకి లేని రుచి నాకు మాత్రం ఎందుకని నేనూ ఉప్పులేని ఓట్స్ జావే తాగాను. నెలల తరబడి. మా ఇంట్లోకి వెల్లుల్లి రాలేదు.

మూడు వారాల కింద, ఓ పొద్దున, చెంచా పక్కన పెట్టి, "నోరీన్, వచ్చేసింది" అన్నాడు.

రుచి వచ్చేసింది!

వంటింట్లో గంతులేశాను. యాభై ఎనిమిదేళ్ల దాన్ని, స్టవ్ చుట్టూ గంతులేశాను. ఆ పూటే కోడి వేయించాను. రెండు కాళ్లూ నేనే తిన్నాను.

అందుకే ఈ రోజు...

ఈ రోజు ఒకే రంగు టీషర్టులు. తన రొమ్ము మీద "తినడానికే వచ్చా" అని రాసుంది. నా రొమ్ము మీద "తీసుకొచ్చింది నేనే" అని. పార్కు మధ్య చెరువు, చెరువు చుట్టూ దేశాలు. దేశానికో దుకాణం, దుకాణానికో పొగ. అరచేతంత పళ్లెం, రెండు గుక్కల వైను. వెనక ఎక్కడో రోలర్ కోస్టర్ మీద జనం కేకలు. వంకర ముక్కు తెల్ల కొంగలు బల్లల కింద మా కంటే దర్జాగా తిరుగుతున్నాయి.

పదకొండేళ్లుగా మాకో ఆట ఉంది. గేటు దగ్గర ఇచ్చే చిన్న పుస్తకంలో ప్రతి పళ్లేనికీ పదికి ఎన్నో వేస్తాం. ఒకరికొకరు వీపు తిప్పుకుని రాసి, ఒకేసారి చూపించుకుంటాం. పది పుస్తకాలు వంటింటి సొరుగులో ఉన్నాయి. ఇది పదకొండోది.

జర్మనీ సాసేజి — నాది ఎనిమిది, తనది ఎనిమిది.

కెనడా చీజు సూపు — నాది తొమ్మిది, తనది తొమ్మిదిన్నర.

"అర ఎందుకు?"

"అడుగున ఉన్న బేకన్‌కి" అన్నాడు, మీసం తుడుచుకుంటూ.

నవ్వాను. ఎండ. చెరువు. గ్లాసులో ఎర్రటి వైను. బతుకు మళ్లీ దారిలో పడిందనుకున్నాను.

మూడోది దీవుల దుకాణం. రొయ్యలు. నిరుడు ఆ రొయ్యల కారానికి వెండెల్ మూడు నిమ్మరసాలు తాగాడు. పక్క బల్ల వాళ్ల మంచుముక్కలు కూడా అడుక్కున్నాడు.

ఈసారీ ముందు తనే కొరికాడు.

"హబ్బా! మంట! చంపేశారు!"

నాలుక బయట పెట్టి చేత్తో విసురుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వుతూనే ఒక రొయ్య నోట్లో వేసుకున్నాను.

కారం లేదు.

చిటికెడు కూడా లేదు. కొబ్బరి పాలు, మామిడి పండు, బెల్లంలాంటి తీపి. తలెత్తి బోర్డు చూశాను. ఈ ఏడు వంటకం మార్చారు. పెద్దక్షరాలతో రాసుంది. మేం బోర్డులు చదవం. మాకు ఇక్కడి తిండంతా కంఠతా వచ్చని మా పొగరు.

తను ఇంకా విసురుకుంటూనే ఉన్నాడు.

"వెండెల్."

చెయ్యి ఆగిపోయింది.

"ఇది తియ్యగా ఉంది."

నల్లద్దాలు తీసి మడిచాడు. తప్పు చేసి దొరికిపోయినవాడి కళ్లు.

"నిరుటి పుస్తకం బట్టీ పట్టా" అన్నాడు చివరికి. "వారం రోజులు గరాజ్‌లో కూర్చుని. మార్కులతో సహా."

"కోడి?"

"అట్టముక్కే."

"పొద్దున నారింజ?"

"నీళ్లు."

కోపం వచ్చింది. నెత్తికెక్కింది. పళ్లెం బల్ల మీద పడేసి నడిచాను, చెరువు గట్టు వెంట. నా గంతులు గుర్తొచ్చి సిగ్గేసింది. రెండు కాళ్లూ తిన్నాను కదా, ఎదురుగా కూర్చుని, వేళ్లు నాక్కుంటూ.

"నువ్వు ఆ జావ తాగుతుంటే చూడలేకపోయానే!" వెనక నుంచి గట్టిగా అరిచాడు. "గడ్డ నాది. నోరు నీది. నీ నోరు కూడా నేనే చంపానా అనిపించేది!"

జనం అటూ ఇటూ చూశారు.

నేను ఆగాను. కానీ తిరగలేదు. తిరిగితే ఏడుస్తానని తెలుసు.

అంతలో టప్‌మని చప్పుడు. తిరగక తప్పలేదు. వంకర ముక్కు కొంగ ఒకటి బల్ల ఎక్కి పళ్లెంలోంచి ఆఖరి రొయ్య లాక్కుపోతోంది. వెండెల్ టోపీ ఊపుతూ దాని వెంట పడ్డాడు. "ఒసేయ్ దొంగమొహమా! దాని మార్కులు ఇంకా వెయ్యలేదే!"

నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. గట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. రొప్పుతూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మొన్నటి దాకా నాలుగు మెట్లెక్కలేనివాడు, కొంగ వెంట పరుగెత్తి వచ్చాడు.

"ఇంకెప్పుడూ అబద్ధం చెప్పకు."

"చెప్పను. నువ్వు జావ మానెయ్."

"మానేస్తా."

"ఒట్టు?"

"పుస్తకం మీద ఒట్టు."

ఆట మార్చాం.

తింటాను నేను. చెబుతాను నేను. నా చెప్పడానికి మార్కులు తను వేస్తాడు.

ఫ్రాన్సు వైను. గుక్క వేసి కళ్లు మూసుకున్నాను. "మీ అక్క షార్లీన్. చర్చికి వచ్చింది. ముందు మూతి బిగించుకుని కూర్చుంది. ప్రార్థన అయిపోయాక మెల్లగా నవ్వింది."

"ఏడు. మా అక్క నవ్వదు."

మొరాకో మటన్. "మన పెళ్లయిన ఏడు. ఏసీ లేని ఇల్లు. ఆరుబయట పొయ్యి, నీ చేతులకి బొగ్గు."

తన ముక్కా నములుతున్నాడు, అట్టముక్కే నములుతున్నాడు — నా మాటలతో కలుపుకుని నములుతున్నాడు.

"పది" అన్నాడు.

జపాను, గ్రీసు, ఐర్లండు... చెరువు చుట్టూ దేశం తర్వాత దేశం. వెన్న నేను తిన్నాను, వెల్లుల్లి నేను తిన్నాను, నూనె మూతికి అంటించుకుని తిన్నాను. తను నా మూతినే చూస్తూ మార్కులు వేశాడు. పక్క బల్ల ముసలాళ్లు కూడా వినడానికి కుర్చీలు జరుపుకున్నారు. ఇంత సంతోషంగా నేనెప్పుడూ తినలేదు. దేవుడి మీద ఒట్టు.

నాలుగింటికి వాన. మా ఫ్లోరిడా వాన, చెప్పి మరీ వస్తుంది. జనం అరుస్తూ పరుగెత్తారు. మేం మాత్రం పసుపుపచ్చ ప్లాస్టిక్ చొక్కాలు తొడుక్కుని గట్టు మీదే కూర్చున్నాం. చెరువంతా చినుకులు. కొంగలు కూడా కదల్లేదు.

సంచిలో చెయ్యి పెట్టాను. ఇంకా రెండున్నాయి.

ఒకటి ఒలిచాను. వానలో వాసన ఇంకా ఎక్కువైంది. ఏమీ చెప్పకుండా ఒక తొన తన నోట్లో పెట్టాను.

నమిలాడు.

ఎడమ కన్ను మూసుకుంది.

టక్కున — ఒక్క క్షణం.

చినుకు పడిందేమో. రెప్ప మీద నీళ్లు జారుతూనే ఉన్నాయి. చినుకో, పులుపో... అడగాలనుకున్నాను. అడగలేదు. అడిగితే నా కోసం అవునంటాడు.

తను నములుతూ నములుతూ ఆగాడు. ఎవరో పక్క గదిలోంచి పిలిస్తే చెవి ఒగ్గినవాడిలా తల కాస్త వంచాడు.

తడిసిన పుస్తకం తీశాడు. నారింజ అని రాశాడు. పదికి ఎన్నో రాయలేదు. పెన్సిలు కాగితం మీద ఆనించి, అలాగే ఉన్నాడు.

"నోరీన్."

"ఊఁ."

"ఇంకోటి ఒలువు."

మూడో కాయ. ఆఖరిది. గోరు దిగింది.

నారింజ తొక్క చిట్లింది.