నాలుగో వైపు

రాంప్రసాద్ కారు పోయిన గంటకు సబియాకు అనుమానం పట్టుకుంది.

పొద్దున వరంగల్‌లో, తండ్రి షాపులో ఆ కారుకు టర్బో బిగించింది ఆమే. ఇంజన్‌కు గాలి ఎక్కువ అందాలని రాంప్రసాద్ పట్టుబడితే, గాలిని నెట్టే కంప్రెసర్ వీల్ పెద్దది వేసి, అది పట్టేలా దాని చుట్టూ ఉండే హౌసింగ్‌ను లోపల లేతు మిషన్ మీద కోయించారు. ఇప్పుడు వీల్ రెక్కలకూ హౌసింగ్ గోడకూ మధ్య సందు పెళ్లికార్డు మందమే. వీల్ తిరిగే షాఫ్ట్‌ను పక్కకు నొక్కిపట్టి, సన్నని స్టీలు రేకు దూర్చి నాలుగు వైపులా చూడాలి. ఎక్కడైనా తాకితే, నిమిషానికి లక్ష చుట్లు తిరిగే వీల్ ముక్కలై ఇంజన్లోకి పోతుంది.

మూడు వైపులు చూసినట్టు గుర్తుంది. అంతలో ఫోన్ మోగింది. ఆ తరువాత గాలి గొట్టం, హోస్, బిగించడం గుర్తుంది. మధ్యలో ఏం చేసిందో ఎంత తలచుకున్నా రావడం లేదు.

"చూసే ఉంటవ్ బేటా, నీకు అలవాటే గద," అన్నాడు షాపు యజమాని, ఆమె తండ్రి ఖాజా మొహినుద్దీన్.

"అలవాటైన పనే యాదుండదు అబ్బా."

మూడుసార్లు ఫోన్ చేసింది. రాంప్రసాద్ ఎత్తలేదు. ఇంటికి పోయి తల్లిని ఎక్కించుకుని పరకాల పోతానని పొద్దున చెప్పాడు. సబియా సామాన్ల సంచీ తీసుకుని స్కూటీ ఎక్కింది. దారిపక్కన ఆగిన ప్రతి కారూ అతనిదేమో అనిపించింది. సగం దూరం పోయాక అతనే ఫోన్ చేశాడు.

"ఏంది చెల్లె, ఇన్ని ఫోన్లు? ఆత్మకూరు దాటి చాయ్ తాగుతాన్నం."

"ఇంజన్ స్టార్ట్ చెయ్యకు అన్నా. వస్తాన్న."

చాయ్ హోటల్ చేరాక, నాలుగో వైపు చూసినట్టు గుర్తులేదని దాచకుండా చెప్పింది. రాంప్రసాద్ ముఖం మారిపోయింది.

"బండి మస్తు గుంజుతాందని, మా అమ్మను కూసోబెట్టుకొని నూట ఇరవైల వచ్చిన. చూడకుంటనే ఇచ్చినవా?"

టర్బో చల్లారడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా అతను కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆమె బానెట్ మీద చెయ్యి పెట్టి తీస్తూనే ఉంది.

హోస్ విప్పి షాఫ్ట్‌ను నొక్కింది. మూడు వైపులా రేకు దూరింది. నాలుగో వైపు దూరలేదు. తుడిచి మళ్లీ చూసింది. దూరలేదు. ఫోన్ లైటు వేస్తే గోడ మీద వెంట్రుకంత మెరుపు గీత.

"ఇటు చెవి పెట్టు అన్నా," అని వీల్‌ను వేలితో తిప్పింది. సన్నగా గీరిన చప్పుడు.

రాంప్రసాద్ వంగి విన్నాడు. "ఇంకెంత దూరం పోయేటిది?"

"తెల్వదు. పరకాల దాకా పోవచ్చు, పోకపోవచ్చు."

కారులోంచి అతని తల్లి మొగిలమ్మ అడిగింది. "దీనికి ఇంత దూరం ఉరికొచ్చినవా బిడ్డా? ఫోన్ల చెప్తే అయిపోతుండె గద."

"ఫోన్ల చెప్తే అన్న బండి విప్పనిస్తడా అమ్మా?"

రాంప్రసాద్ తల తిప్పుకున్నాడు.

మొగిలమ్మను పరకాల బస్సు ఎక్కించి, కారును లాక్కుపోయే బండికి ఫోన్ చేశారు.

"తప్పు నాదే. హౌసింగ్ మళ్ల కోయిస్త," అంది సబియా.

"ఈసారి నేను పక్కకే నిలబడ్త."

"నిలబడు అన్నా."

లేతు షాపు మూసేలోగా చేరాలి. బండి కారును లాక్కుపోతుంటే, సబియా స్కూటీ మీద దాని వెనకే వరంగల్ దాకా వచ్చింది.