కాలికి నేల తగిలిన చోట

నేను ఒక లైఫ్ జాకెట్‌ని. ఇప్పుడు వెలిసిపోయి ఏ రంగో చెప్పలేకుండా ఉన్నాను గానీ, ఒకప్పుడు నది అవతలి ఒడ్డునుంచి చూసినా కనబడే నారింజ రంగుదాన్ని. నన్ను తొడుక్కున్నవాళ్ళు వేలమంది ఉంటారు. ఇష్టపడి తొడుక్కున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఫొటో తీస్తున్నంతసేపు గుండెలు విరుచుకుని నిలబడతారు, ఫొటో అవగానే "అబ్బ, ఒకటే ఉక్క" అని మెడ దగ్గర గోక్కుంటారు. మనుషులకు ప్రాణం మీద ఉన్నంత తీపి ప్రాణం కాపాడే వస్తువు మీద ఉండదు. మొదట్లో మనసు కష్టపెట్టుకునేదాన్ని, తర్వాత అలవాటైపోయింది.

కుట్టుమిషన్లు వరసగా పెట్టిన ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మెత్తని నురుగు పలకలను గుడ్డలో పెట్టి కుట్టేసి, ముందు మూడు బకిల్స్, పక్కన బిగించుకునే పట్టీలు తగిలించారు. ఇనప దిమ్మ ఒకటి కట్టి నీళ్ళతొట్టిలో పడేశారు. తేలాను. నా చదువూ పరీక్షా రెండూ అంతే. అక్కణ్ణుంచి ఒక చెరువులో పెడల్ బోట్లు తిప్పే క్లబ్బుకి వెళ్ళాను. అక్కడ మేకుకి వేలాడటమే ఉద్యోగం. తనిఖీకి ఎవరైనా అధికారి వస్తే మమ్మల్ని దించి, దుమ్ము దులిపి, దొరికినవాళ్ళకి తొడిగేవారు. ఆయన టీ తాగి వెళ్ళగానే మళ్ళీ మేకుకే. ఆ క్లబ్బు మూతపడ్డాక, నన్నూ నా తోటివాళ్ళనూ కట్ట కట్టి రిషికేశ్ ఎగువన రబ్బరు పడవల మీద రాఫ్టింగ్ చేయించే ఒక చిన్న క్యాంపుకి అమ్మేశారు.

బతుకంటే ఏమిటో అక్కడ తెలిసింది. గంగ అక్కడ కొండల మధ్యనుంచి బండలను గుద్దుకుంటూ వస్తుంది. ఎండాకాలంలో కూడా నీళ్ళు ఎముకలు కొరికేస్తాయి. మా గైడు దీవాన్ సింగ్ రోజూ పొద్దున్నే మా పట్టీలన్నీ లాగి చూసేవాడు. మనుషులతో పెద్దగా మాట్లాడేవాడు కాదు, మమ్మల్ని మాత్రం తిట్టేవాడు. అతనంటే నాకు గౌరవం.

అలాంటి ఒక రోజు నాగభూషణం వచ్చాడు. కోనసీమలో ఒక లంక గ్రామం అతనిది. భార్య మంగతాయారుతోనూ, ఆమె తమ్ముడు రాఘవులుతోనూ యాత్ర బస్సులో వచ్చాడు. బస్సేదో మరమ్మతుకి ఆగిపోతే, ఊరికే కూర్చోలేక రాఘవులు బావనూ అక్కనూ బయల్దేరదీశాడు. నాగపూర్‌కి కొబ్బరికాయలు తోలే వ్యాపారంలో హిందీ పట్టుబడ్డవాడు కాబట్టి, యాత్రంతటికీ అతనే పెద్ద.

భూషణం నన్ను రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. "నాకెందుకురా ఇది? గోదారి మీద పుట్టినోణ్ణి."

"ఏసుకోపోతే ఎక్కనివ్వరంట బావగోరూ. ఏసేసుకోండి, పనైపోద్ది."

దీవాన్ సింగ్ వచ్చి నా పట్టీలు గట్టిగా బిగించాడు. భూషణం పొద్దున్న పూరీలు దండిగా లాగించాడని నాకు వెంటనే అర్థమైంది. గైడు అటు తిరగడం ఆలస్యం, పక్క పట్టీలు రెండూ వదులు చేసి, కింది బకిల్స్ రెండూ తీసేశాడు. రొమ్ము మీది బకిల్ ఒక్కటే మిగిలింది.

"ఆయన బిగిచ్చింది మీరెందుకండీ ఊడదీత్తన్నారు?" అంది మంగతాయారు.

"ఊపిరాడట్లేదే. నువ్వూరుకో."

ఆమె ఊరుకుంది. పెళ్ళయినప్పటినుంచీ నీళ్ళ విషయంలో ఆయన మాటకు ఎదురు చెప్పలేదట. చెప్పాల్సిన అవసరమూ రాలేదు మరి. వరదలో గేదెలను ఈదించుకొచ్చినవాడు, కొట్టుకుపోతున్నవాళ్ళను జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగినవాడు, లంకలో సగంమందికి ఈత నేర్పినవాడు భూషణం. ఈత రాని మంగతాయారు అతని చెయ్యి పట్టుకుంటే తప్ప పడవ దిగేది కాదు.

ఎక్కేముందు దీవాన్ సింగ్ ఒక మాట మరీ మరీ చెప్పాడు. నీళ్ళలో పడితే వెల్లకిలా తేలాలి, కాళ్ళు ముందుకి చాచి పైకెత్తి ఉంచాలి, లోతు లేకపోయినా సరే నిలబడకూడదు. రాఘవులు అది తెలుగులో చెప్పగానే భూషణం పకపకా నవ్వాడు. "కాలికి నేల తగిలాక లేచి నిలబడకుండా ఎవడన్నా పడుకుంటాడేట్రా?"

అతని తప్పేమీ లేదు. లంకలో పుట్టినవాడికి నది అడుగంటే ఇసుకే. పడవలోంచి జారిపడినా, పాయ ఈదుతూ అలిసిపోయినా కాళ్ళు ముందుగా వెతికేది ఆ ఇసుకనే. వేళ్ళకు అది తగిలిందంటే గండం గడిచినట్టే, లేచి నిలబడి పంచె పిండుకుని నడిచిపోవడమే. గంగకు అక్కడ ఇసుక అడుగు లేదు. ఏనుగులంత బండలున్నాయి, బండల మధ్య సందులున్నాయి.

మొదట్లో బాగానే ఉంది. నీళ్ళు ముఖాన కొడుతుంటే రాఘవులు కేకలు పెట్టాడు, మంగతాయారు కళ్ళు గట్టిగా మూసుకుని గంగమ్మతల్లిని పిలిచింది. ఒక చిన్న సుడి దగ్గర రాఘవులు తెడ్డు ఎగిరి భూషణం కనుబొమ్మను చీల్చింది. నెత్తురు కారి నా మెడ పట్టీ తడిసింది. దీవాన్ సింగ్ అతన్ని పడవ మధ్యలోకొచ్చి కూర్చోమన్నాడు. "దీనికేనా" అని భూషణం చేత్తో తుడుచుకుని అంచు మీదే కూర్చున్నాడు.

ఆ తర్వాత మలుపు తిరిగామో లేదో, నది ఒక్కసారిగా కిందికి జారింది. రబ్బరు పడవ అడ్డం తిరిగి పెద్ద బండకు గుద్దుకుంది. బండ వైపు ఒరగమని దీవాన్ సింగ్ అరుస్తున్నాడు. భయమేసినప్పుడు మనిషి బండకు దూరంగానే జరుగుతాడు, వీళ్ళూ అదే చేశారు. పడవ ఒక పక్కకు లేచిపోయి భూషణాన్నీ రాఘవుల్నీ విసిరేసింది. మంగతాయారు మాత్రం అంచు తాడుని కరుచుకుని ఉండిపోయింది.

నీళ్ళలోకి వెళ్ళిన భూషణాన్ని నేను పైకి లాగాను. నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాను. తల తేలింది, ఊపిరి అందింది. వెంటనే అతను ఈత మొదలుపెట్టాడు. ఎంత బాగా ఈదాడో! అంత వడిలో కూడా బార మీద బార వేస్తూ ఎడమ ఒడ్డు వైపు కోసుకుపోతున్నాడు. ఒడ్డు దగ్గరపడింది. లోతు తగ్గింది. కాలికి నేల తగిలింది.

నిలబడ్డాడు.

నడుము లోతు నీళ్ళలో నిటారుగా నిలబడి, దిగువకు కొట్టుకుపోతున్న పడవలోని భార్యకు చెయ్యెత్తి చూపించాడు. ఆ చెయ్యి ఇంకా పైనుండగానే కుడిపాదం రెండు బండల సందులోకి దిగిపోయింది. వెనకనుంచి గంగ తోసింది. ఎముక విరిగిన చప్పుడు నీళ్ళ హోరులో ఎవరికీ వినబడలేదు, అతని ఒంటినంటుకుని ఉన్న నాకు మాత్రం తెలిసింది. మనిషి ముందుకు వాలిపోయాడు. నీళ్ళు వీపు మీదుగా తల మీదుగా దూకుతున్నాయి.

నేను తేల్చగలను. నాకు తెలిసిన పని అదొక్కటే. కాలు నేలకు అతుక్కుపోయినవాణ్ణి ఎక్కడికని తేల్చను? నేను పైకి లాగుతున్నకొద్దీ నీళ్ళు అతన్ని ముందుకు తోస్తున్నాయి. వదులు చేసిన పట్టీల వల్ల నేను అతని నడుమునుంచి జారి, చంకల్లోంచి జారి, మెడ దాకా ఎగబాకాను. ఒక్క బకిల్ మీద వేలాడుతున్నాను. అతను చేతులతో మోకాలిని అదిమి తల పైకెత్తుతాడు, ఒక గుక్క గాలి పీలుస్తాడు, మళ్ళీ మునిగిపోతాడు. ఒక్కోసారి లేవడానికి ఇంకొంచెం ఎక్కువసేపు పడుతోంది. అంత భయం నేనెప్పుడూ పడలేదు.

దీవాన్ సింగ్ పడవను దిగువన ఒడ్డుకి పట్టి, తాడు తీసుకుని రాళ్ళ మీద పరిగెత్తుకొచ్చాడు. వెనక వస్తున్న ఇంకో పడవ గైడు తనవాళ్ళున్న పడవను నది మధ్యలో ఒక బండ చాటున ఆపి, ఆ బండెక్కాడు. తాడు ఒక కొస అతనికి విసిరి, రెండో కొస ఒడ్డున పట్టుకుంటే, మధ్యలో అది భూషణం రొమ్ముకు ఆనుతుంది, తల పైకి నిలుస్తుంది. కానీ కాలు విడిపించడానికి దీవాన్ సింగ్ నీళ్ళలోకి దిగాలి. మరి ఒడ్డున కొస పట్టేదెవరు? దిగువన ఒడ్డుకి పడిన రాఘవులు అప్పటికే పైకి వచ్చాడు గానీ, భుజం ఊడి చెయ్యి వేలాడేసుకుని వణుకుతున్నాడు.

మంగతాయారు చీర మీద తొడుక్కున్న జాకెట్‌తోనే వచ్చి కొస అందుకుంది. మడమలు రాతికి తన్ని పెట్టి వెనక్కి వాలింది. రాఘవులు మిగిలిన చేత్తో ఆమె వెనక తాడు పట్టాడు. తాడు బిగుసుకుంది. భూషణం దాని మీద చంకలు ఆనించి తల ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే అతని చెయ్యి నా బకిల్ మీదకి వచ్చింది. మెడ దగ్గర ఏదో లాగుతోందని, అది వదిలించుకుంటే పైకి తేలతానని అనుకున్నాడు. అతన్ని పైకి లాగుతున్నదే నేనని ఎలా చెప్పను? వేళ్ళు కొంకర్లు పోయి నొక్కలేకపోతున్నాడు, అయినా నొక్కుతూనే ఉన్నాడు.

"ఆ చెయ్యి తియ్యండి!" ఒడ్డునుంచి కేక. "తియ్యండంటే! దాని జోలికెళ్ళకండి! తాడట్టుకోండి, తాడు!"

అతను తల తిప్పాడు.

"నాకేసి సూడండి! ఇన్నేళ్ళు మీరు సెప్పిందల్లా ఇన్నాను. ఇయ్యాళ నా మాటినండి. సచ్చారంటే నేనొప్పుకోను!"

వేళ్ళు నా మీదనుంచి జారి తాడు మీదకు వెళ్ళాయి. ఆ తర్వాత ఆమె నోరు ఆగలేదు. తిట్టింది, ఏడ్చింది, కొబ్బరితోటకి నీళ్ళెవరు పెడతారని నిలదీసింది. అరచేతుల్లోంచి నెత్తురు తాడు వెంట కారుతున్నా కొస వదల్లేదు. దీవాన్ సింగ్ మునిగి, లేచి, మళ్ళీ మునిగి, ఎలాగో పాదాన్ని వెనక్కి లాగి విడిపించాడు. బయటపడ్డ ఆ పాదం ఇంకెటో తిరిగి ఉంది.

ఆస్పత్రిలో కత్తెరతో నన్ను నిలువునా కోసి మూలకు విసిరేశారు. కాలు నిలబెట్టాలని డాక్టర్లు చాలా చూశారు. నల్లబడిపోతుంటే మోకాలి కిందనుంచి తీసేశారు. మెలకువ వచ్చాక భూషణం భార్య వైపు చూసి, "ఇసకేననుకున్నానే" అన్నాడు. చెత్తలోకి పోవాల్సిన నన్ను మంగతాయారు ఏరుకుంది. "ఆయన్నట్టుకున్నది ఇదేనమ్మా" అని నర్సుకు తెలుగులోనే చెప్పింది. చుట్టచుట్టి అతని తొడ కింద ఎత్తుగా పెట్టింది. రైల్లో అంతదూరమూ ఆ కాలిని మోశాను.

లంకకు వెళ్ళాలంటే పాయ దాటాలి. ఎండాకాలంలో పడవ ఒడ్డు దాకా పోదు, మోకాలి లోతులో ఆగిపోతుంది. అక్కడ దిగి ఇసుకలో నడిచి పోవాలి. పడవ పోలయ్యది, భూషణం దగ్గర ఈత నేర్చుకున్నవాడు. అందరూ దిగారు. పడవలో భార్యాభర్తలిద్దరే మిగిలారు. భూషణం కదల్లేదు.

"ఎత్తుకుని దింపుతాను బాబాయ్" అన్నాడు పోలయ్య.

"వద్దురా."

"కుర్సీ తెప్పిత్తాను."

"వద్దన్నాను కదా."

పోలయ్య పడవను అవతలి రేవుకి తిప్పాడు, జనాన్ని ఎక్కించుకుని మళ్ళీ వచ్చాడు. వాళ్ళు భూషణాన్ని పలకరించబోయి, ముఖం చూసి, దిగి వెళ్ళిపోయారు. పడవ మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. మంగతాయారు పక్కన కూర్చుని, కట్లు కట్టిన అరచేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క మాటైనా తొందరపెట్టలేదు. పొద్దు వాలుతుండగా భూషణం పెద్దగా ఏడ్చాడు. పోలయ్య తెడ్డు ఆపి అటు తిరిగి నిలబడ్డాడు.

ఏడుపు తగ్గాక అన్నాడు భూషణం. "ఒసే మంగా. నువ్వు ముందు దిగవే."

ఆమె చీర ఎత్తి దోపుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నీళ్ళలోకి దిగింది. ఇటు తిరిగి రెండు చేతులూ చాచింది. అతను ఆ కట్ల మీద బరువు వేయడానికి ఒక్క క్షణం వెనకాడాడు. "ఏం కాదు, రండి" అంది. ఉన్న ఒక్క కాలినీ కిందికి దించాడు.

ఇద్దరూ మెల్లగా వెళ్ళిపోయారు. నేను పడవలోనే ఉండిపోయాను. ఎప్పుడో గుర్తొచ్చి తీసుకుపోతారనుకున్నాను, రాలేదు. ఇప్పుడు పోలయ్య నా మీద కూర్చుని పడవ నడుపుతాడు, పిల్లలు నా చిరుగుల్లోంచి నురుగు ముక్కలు లాగి నీళ్ళలో వదులుతారు. అవి తేలుతూ పోతుంటాయి.