గదితో పాటు వచ్చిన పిల్ల

ఆ ఓడ గదిలో ఒకరు నిలబడితే ఇంకొకరు మంచం ఎక్కాల్సిందే. తల్లి ఐదేళ్ల పెద్దదానికి జడ వేస్తుంటే, రెండేళ్ల చిన్నోడు బీరువాలోంచి లైఫ్ జాకెట్లు బయటికి లాగేవాడు. వాటిని మళ్లీ లోపల కుక్కుతూ తండ్రి, "ఇది సెలవా, శిక్షా?" అనేవాడు.

రెండో రోజు పొద్దున పెద్దదాని జడ అయిపోగానే, ఇంకో పిల్ల వచ్చి తల్లి మోకాళ్ల మధ్య కూర్చుంది. నాలుగేళ్లుంటాయేమో. జుట్టు తడిగా, ఉప్పు వాసనేస్తోంది. చిక్కు తీస్తుంటే ఆ చల్లదనానికి తల్లి వేళ్లు కొంకర్లు పోయాయి.

దుప్పట్లు మార్చడానికి వచ్చిన పనామె చూసి, "గదితో పాటే ఉంటుందమ్మా. తువ్వాలు ఒకటి ఎక్కువ పెడతాను," అంది.

"పేచీ పెడుతుందా?"

"మాట్లాడనే మాట్లాడదు. పై బెర్తు ఇస్తే చాలు."

తండ్రి గొణుక్కుంటూనే పక్క కిందికి మార్చుకున్నాడు.

ఆ పిల్ల గడప దాటేది కాదు. వీళ్లు డెక్ మీద తిరిగొచ్చేసరికి, వదిలివెళ్లిన చోటే తలుపుకేసి చూస్తూ నిలబడి ఉండేది. పనామె లోపలికి రాగానే మాత్రం పిల్ల మొహం గోడకు తిప్పేసుకునేది.

ఐదో రోజు తల్లి ఉండబట్టలేక అడిగేసింది. "మీ మీద దానికి కోపమా?"

పనామె దిండు గలీబు తొడుగుతూ చెప్పింది. "నా కూతురేనమ్మా. ముప్పై ఏళ్లయింది. ఈ గదిలోనే ప్రయాణం చేశాం. డెక్ మీద గాలికి టోపీ ఎగిరిపోతుంటే, అందుకుందామని దీని చెయ్యి వదిలాను." దిండు మంచం మీద పెట్టి, "టోపీ దొరికిందమ్మా," అంది.

తల్లి చిన్నోణ్ణి దగ్గరికి లాక్కుంది.

"అప్పుడే ఇక్కడ పనిలో చేరాను. రోజూ చెయ్యి చాపుతాను, పట్టుకోదు. ఈ ప్రయాణంతో నన్ను పనిలోంచి పంపించేస్తున్నారు. దీన్ని వదిలి ఎలా దిగను?"



చివరి రోజు పొద్దున్నే ఓడ రేవులో ఆగింది. తండ్రి పెట్టెలు, తల్లి చిన్నోణ్ణి ఎత్తుకుని బయల్దేరారు. పిల్ల గడప దగ్గర ఆగిపోయింది. పెద్దది వెనక్కి తిరిగి, అచ్చం తల్లిలాగే కసిరింది.

"ఏంటలా నించున్నావ్? చెయ్యివ్వు. ఇంతమందిలో తప్పిపోతే నాకు తెలీదు."

పిల్ల ఆ చేతిని కాసేపు చూసింది. తర్వాత పట్టుకుంది. గడప దాటింది. నడవాలో జనం పక్కకి జరిగి దారిచ్చారు. మడతపెడుతున్న దుప్పటి భుజాన వేసుకుని పనామె వాళ్ల వెనకే నడిచింది. దగ్గరికి మాత్రం పోలేదు.

దిగే వంతెన సగంలో పెద్దదాని బూటు లేసు ఊడింది. "ఆంటీ, దీన్ని కాస్త పట్టుకోండి," అంటూ పిల్ల చేతిని వెనకున్న పనామె చేతిలో పెట్టేసి కూర్చుంది. లేసు కట్టుకోవడం దానికి కొత్త. చాలాసేపు పట్టింది. కింద నీళ్లు ఓడ గోడకు కొట్టుకుంటున్నాయి.

పెద్దది లేచి చెయ్యి చాపింది. "ఇంక ఇచ్చేయండి."

"ఇది వదలడం లేదమ్మా," అంది పనామె.

భుజం మీది దుప్పటి పిల్లకు చుట్టి, వాళ్లందర్నీ దాటుకుని ఒడ్డు మీదికి నడిచింది. వెనక నుంచి ఓడ రెండుసార్లు కూత పెట్టింది. ఆమె తల తిప్పలేదు.