వేళ్ళు కనబడాలి

నేను ఒక పావు కిలోమీటరు పొడవున్న గోధుమరంగు రిబ్బన్ని. రెండు చక్రాలకు చుట్టి, నల్లటి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, నాకు వీడియో క్యాసెట్టు అని పేరు పెట్టారు. ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ నాలాంటివాళ్ళం రోజుకు వేలమందిమి పుట్టేవాళ్ళం కాబట్టి ఆ పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. బతుకు మొదలైంది మాత్రం కాకినాడలో, గవరయ్య చేతుల్లో. అతను పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. ఒక పెళ్ళికని కొన్న నాలుగు క్యాసెట్లలో మూడే ఖర్చయ్యాయి. మిగిలిన నన్ను పక్కింటి పాప మొదటి పుట్టినరోజుకు తీసుకెళ్ళాడు. అది తొంభై నాలుగో సంవత్సరం.

పక్కింటి భానోజీ అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పని చేసేవాడు. భార్య వరహాలు ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఇద్దరికీ పుట్టుకతోనే వినపడదు. మాట్లాడుకోవడమంతా చేతులతోనే. పాప ప్రవల్లికకు మాత్రం వినపడుతుంది.

గవరయ్య కెమెరా తీస్తుంటే వాళ్ళావిడ గుమ్మంలోంచి అంది: "మాటల్లేని ఇంట్లో వీడియో ఏం తీస్తారండీ? బొమ్మల కొలువులా ఉంటాది."

ఆ మాట నిజం కాదని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. చుట్టాలు వెళ్ళిపోయారు. అద్దె కుర్చీలు తిరిగి ఇచ్చి రావడానికి భానోజీ రిక్షా వెంట నడిచాడు. అప్పుడు వరహాలు కెమెరా ఆపవద్దని గవరయ్యకు సైగ చేసి, పాపను చాప మీద కూర్చోబెట్టి ఎదురుగా తాను కూర్చుంది. పదకొండు నిమిషాలు పాపతో మాట్లాడింది. చేతులు ఎంత వేగంగా ఆడాయంటే గాజులు ఒక్క క్షణం ఊరుకోలేదు. గవరయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కెమెరా దించలేదు. ఆ గౌరవం అతనిలో ఉంది.

రెండేళ్ళకు వరహాలు కామెర్లతో పోయింది. దినకర్మ అయ్యాక గవరయ్య తన ఇంట్లో భానోజీకి నన్ను ఒకసారి వేసి చూపించాడు. భానోజీకి కన్నీళ్ళలో సగం బొమ్మ కనబడనే లేదు. రెండోసారి వేస్తానంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. నన్ను భార్య చీరలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచాడు. అక్కడ ఇరవై తొమ్మిదేళ్ళున్నాను. మనుషులు తమకు అన్నిటికన్నా విలువైనదాన్ని చూడకుండా దాచుకుంటారు. ఎందుకో నాకు అర్థం కాదు.

ప్రవల్లిక మాటలొచ్చిన నాన్నమ్మ దగ్గర పెరిగింది. తండ్రితో చేతులతో మాట్లాడుతుంది కానీ, ఆ చేతులకు కొంచెం నత్తి. బ్యాంకులో ఉద్యోగం వచ్చి సొంతంగా టీవీ కొన్నాక, ఒక ఆదివారం పెట్టె తెరిచి నన్ను బయటికి తీసింది.

మొదట తీసుకెళ్ళిన దుకాణంలో గంటలో పని ముగించి చిన్న పెన్‌డ్రైవు చేతిలో పెట్టారు. మాటలు ఎలాగూ లేవు కదా, ఫైలు బాగా చిన్నది చేశామన్నారు. ఇంటికొచ్చి టీవీలో పెట్టింది. అమ్మ ముఖం మైనపు బొమ్మలా నున్నగా ఉంది. చేతులు కదిలినప్పుడల్లా దువ్వెన పళ్ళలాంటి గీతలు పడి, వేళ్ళు ముద్దలైపోతున్నాయి. కదలిక నెమ్మదించినచోట మాత్రమే సైగలు తెలుస్తున్నాయి. ఏడో నిమిషంలో అలా మూడు సైగలు తెలిశాయి. నువ్వు. మాది. కాదు.

ప్రవల్లిక అది నాలుగుసార్లు వేసి చూసింది.

"అమ్మ నేను మీ దాన్ని కాదంటోంది" అని తండ్రికి చేతులతో చెప్పింది.

"మీ అమ్మ అలా అనదు" అన్నాయి తండ్రి చేతులు.

"అంది. చూడు."

భానోజీ చూశాడు. కాదనడానికి అతని దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆనాడు ఆ గదిలో అతను లేడు. ప్రవల్లిక టీవీ ఆపేసి వంటింట్లోకి వెళ్ళింది. ఆ వారమంతా తండ్రీకూతుళ్ళు అన్నం పెట్టు, నీళ్ళివ్వు అన్నంత వరకే మాట్లాడుకున్నారు. వినపడే పిల్లనని అమ్మ తనను వేరు చేసిందన్న ఆలోచన ఆమెను ముల్లులా గుచ్చుతూనే ఉంది. చివరికి భానోజీయే నన్ను సంచీలో వేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని బయల్దేరదీశాడు. ఈసారి వెళ్ళింది పాత క్యాసెట్లు మార్చే ఖాసిం దగ్గరికి.

ఖాసిం ముందు ఆ పెన్‌డ్రైవు చూశాడు. "తప్పు పట్టలేనండి. నేనూ మామూలుగా ఇలాగే చేస్తాను. పెళ్ళివాళ్ళకి మొహం నున్నగా ఉండాలి, ఫోనులో పంపుకోవాలి. మీకేం కావాలండి? రంగులా, మొహమా?"

"వేళ్ళు కనబడాలండి" అంది ప్రవల్లిక. "మా అమ్మ మాట్లాడుతోందండి అందులో."

ఖాసిం కుర్చీలో ముందుకు జరిగాడు. నన్ను మెత్తటి గుడ్డతో తుడిచి, ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టి, యంత్రంలో పెట్టాడు. చూస్తూ చూస్తూ తనలో తాను చెప్పుకున్నట్టు అన్నాడు: "ఈ టేపులో సెకనుకి యాభై సగం బొమ్మలుంటాయండి. వాళ్ళు రెండేసి కలిపి పాతిక చేసేశారు. రెండు బొమ్మల మధ్యలో చెయ్యి కదిలిపోయింది, అందుకే ఆ గీతలు. యాభై యాభైలాగే ఉంచుదాం. మచ్చలు తుడిచేది కూడా ఆపేద్దాం. దానికి వేలికీ మచ్చకీ తేడా తెలీదండి, వేగంగా కదిలిందల్లా తుడిచేస్తాది."

"గింజలు గింజలుగా కనబడదా అండి?"

"కనబడతాదండి. కనబడనివ్వండి."

ఇక మిగిలింది ఫైలును ఎంత కుదించాలన్నది. అతను రెండేసి నిమిషాల ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి మూడు చేసి ఇచ్చాడు. "నా కంప్యూటర్లో బాగుంటే సరిపోదండి. మీ టీవీలో చూసి నాన్నగారు చెప్పాలి." కొత్త పద్ధతిలో చేసిన మొదటి ముక్కను వాళ్ళ టీవీ అసలు తెరవనేలేదు. అందరికీ తెలిసిన పాత పద్ధతిలో చేసిన రెండోది ఆడింది కానీ, వేగం పెరిగినచోట వేళ్ళు చదరాలు చదరాలుగా విరిగాయి. భానోజీ అచ్చాఫీసు మనిషి, తప్పులు దిద్దడం అతనికి అలవాటైన పని. చదవలేకపోయిన ప్రతిచోటా నిమిషం, సెకను కాగితం మీద రాసి, పక్కన సున్నా చుట్టి మర్నాడు ఖాసింకు ఇచ్చాడు. పదిహేడు సున్నాలు. కుదింపు ఇంకాస్త తగ్గించి చేసిన మూడో ముక్కకు కాగితం తెల్లగా వచ్చింది.

"ఫైలు ఆరింతలైందండి" అన్నాడు ఖాసిం. "ఇదే ఉంచేద్దాం."

టేపంతా అలాగే చేయించుకొచ్చిన సాయంత్రం టీవీ పక్కన బల్ల మీద నన్ను పెట్టి, ఇద్దరూ మొదటినుంచీ చూశారు. బొమ్మలో ఇసుక రేణువుల్లా గింజలున్నాయి. ఆ గింజల వెనక వరహాలు చేతులు పదునుగా, తొందరగా ఆడుతున్నాయి. పొద్దున గిన్నె జారిపడితే పాప ఉలిక్కిపడి తల తిప్పిందట. శబ్దమంటే ఎలా ఉంటుందో పెద్దయ్యాక తనకు చెప్పమంది. ఏడో నిమిషం వచ్చింది. భానోజీ కూతురి మణికట్టు పట్టుకున్నాడు.

నువ్వు. మాది. తర్వాత కుడిచేతి చూపుడువేలు కనురెప్పపాటులో లేచి వాలింది. కాదు.

ఒక్క. వేలొక్కటే లేపితే ఒక్క అని. మొదటి పెన్‌డ్రైవులో చెరిగిపోయింది ఆ ఒక్క వేలే.

నువ్వు మా ఒక్కరిదానివే కాదు. వరహాలు ఇంకా చెబుతోంది. బయట వాళ్ళ మాటలు నీవే, ఇంట్లో ఈ చేతులూ నీవే. రెండూ ఉంచుకో. ఏదీ వదలకు.

ప్రవల్లిక రిమోటు కింద పెట్టేసింది. ఆమె ఏడవడం నాకు వినిపించింది, భానోజీకి కనిపించింది. కాసేపటికి ఆమె తెరకేసి తిరిగి, తన వయసే ఉన్న అమ్మకు చేతులతో జవాబు చెప్పడం మొదలుపెట్టింది. వచ్చీ రాని సైగలు. మధ్యలో ఒకచోట బొటనవేలు తప్పుగా పెట్టింది. భానోజీ దాన్ని సుతారంగా పట్టుకుని సరిచేసి, కానివ్వమన్నట్టు తల ఊపాడు.