ఇసుకదేశం నిష్క్రమణ ముద్ర

నేను ఒక రబ్బరు ముద్రను. చెక్క పిడి, ఎర్రటి పాదం. రాజమండ్రిలో ఒక ఇరుకు కొట్లో నన్నూ మా అక్కనూ ఒకే రోజున తయారుచేశారు. అక్క పాదం మీద 'ఇసుకదేశం – ప్రవేశం' అనీ, నా పాదం మీద 'ఇసుకదేశం – నిష్క్రమణ' అనీ చెక్కారు. ఆ దేశం ఎక్కడుందని కొట్టువాడు అడిగితే, గోదారి మధ్యలో అన్నాడు అబ్బులు.

నిజమే. వరద తీశాక తేలే ఇసుక మేట అది. అబ్బులూ అతని భార్య అచ్చియ్యమ్మా అక్కడ పాక వేసుకుని పుచ్చపాదులు పెట్టేవారు. ఒక ఏడు పాదులకు తెగులొచ్చి సాయం అడగబోతే, ఆ మేట మాది కాదంది అటు ఒడ్డు పంచాయతీ. ఇటు ఒడ్డుదీ అదే మాట. అబ్బులుకు ఒళ్ళు మండింది. ఎవడో సముద్రంలో పాడుబడ్డ కోటెక్కి రాజైపోయాడనీ, ఇంకెవడో సర్కారు మీద అలిగి తన పొలాన్నే దేశం చేసుకున్నాడనీ అతను పొట్లం కట్టిన కాగితంలో చదివి ఉన్నాడు. ఎవరిదీ కాకపోతే మనదేనని, పెళ్ళాం పాత చీర చింపి పాక మీద జెండా కట్టాడు. మనుషులు చిత్రమైనవాళ్ళు. అలిగితే అన్నం మానేస్తారు, మరీ అలిగితే దేశం పెట్టేస్తారు.

రాజు అబ్బులు. ముద్రలు అచ్చియ్యమ్మవి. ఉన్న ఒక్క పౌరుడూ పడవ నడిపే దావీదు. కాయలు కొనడానికి వచ్చినవాళ్ళ అరచేతుల్లో ఆమె నవ్వుతూ అక్కను అద్దేది. వాళ్ళు తిరిగి పడవెక్కేటప్పుడు మాత్రం నన్ను తీసేది కాదు. నీటి మీద వెళ్ళేవాళ్ళను పొమ్మనకూడదని ఆమె పట్టింపు. ఒకప్పుడు విసుగులో ఆమె పొమ్మంటే పడవెక్కిన తమ్ముడు మళ్ళీ రాలేదు.

ఇంతలో గోదారి మీద వంతెన కట్టారు. దావీదు పడవకు పని పోయింది. విశాఖ రేవులో కూలి దొరికిందని, బయల్దేరే ఉదయం వచ్చి అరచెయ్యి చాపాడు.

"అక్కా, బయటిముద్ర ఎయ్యి. చట్టం ఉంది కదా మనకి."

"ఏసేత్తే నీ పౌరసత్వం పోద్దిరా," అన్నాడు అబ్బులు, నవ్వబోయి.

అచ్చియ్యమ్మ పుచ్చగింజల డబ్బా తెరిచి నన్ను పట్టుకుంది. నీలిసిరా అంచుదాకా దించి ఆగింది. నన్ను పక్కన పెట్టేసి, అక్కను తీసి అతని అరచేతిలో గట్టిగా అద్దింది.

"ఇది లోపలికొచ్చేది కదక్కా."

"తెలుసులేరా. నువ్వొచ్చేసరికి నేనుంటానో లేదో. ముందే ఏసేశాను."

దావీదు చెయ్యి మూసుకున్నాడు. సిరా ఆరేదాకా తెరవలేదు.

ఆ ఏటి వరద మేటను కోసుకుపోయింది. నీళ్ళు తీశాక చూస్తే ఇసుకదేశం లేదు. పుచ్చగింజలు నాటే రోజుల్లో దావీదు వచ్చి, ఒడ్డున నిలబడి నీళ్ళకేసి చూశాడు. దేశమేదక్కా అన్నాడు. అచ్చియ్యమ్మ ఒడ్డునున్న తమ ఇంటి అరుగు మీద చాప పరిచింది. ముద్ర కోసం అతను చెయ్యి చాపితే, నీకెప్పుడో పడిపోయిందిగా, కాళ్ళు కడుక్కురమ్మంది.

నాటడానికి ఇసుక లేకపోయినా ఆమె ఏటా ఆ గింజల్ని ఎండబెడుతుంది. నన్నూ వాటి పక్కనే పెడుతుంది. అప్పుడు నా పాదం చూసుకుంటాను. సిరా అంటక ఇంకా ఎర్రగానే ఉంది.