పదో మనిషి

అక్క వంతెన దాటి వచ్చిందని తెలియగానే నర్సుకి ఒళ్ళు మండింది. ఏటికి అవతల ఇంకో రాష్ట్రం. అక్క కాపురం అక్కడే. ఫోన్ ఎత్తితే చాలు, "మా రాష్ట్రంలో అయితేనా" అని మొదలుపెడుతుంది, అక్కడి టీకాలన్నీ తనే వేస్తున్నట్టు.

ఈసారి ఏకంగా ఆరోగ్య కేంద్రానికే వచ్చి పడింది. గోడవారన బల్ల మీద తొమ్మిది మంది కూర్చున్నారు. చివర అమ్మ, పాత ఉబ్బసంతో ఎగపోస్తూ. టీకా సీసా ఫ్రిజ్‌లో ఉంది. ఒక్కో సీసాలో పది మందికి సరిపడా మందు. మూత తీశాక ఆ పూటే వాడాలి, మిగిలితే పారబొయ్యాలి. అందుకని పదో మనిషి వస్తేగాని సీసా ముట్టుకోవద్దని డాక్టరు ఆజ్ఞ. చుక్క కూడా వృథా చెయ్యని కేంద్రమని పైవాళ్ళు మెచ్చుకుని కాగితం ఇస్తే, అద్దం కట్టించి కుర్చీ వెనక తగిలించుకున్నాడు మహానుభావుడు. మెప్పు ఆయనకి, పడిగాపులు జనానికి.

"నిన్న పదకొండు మంది వచ్చారటగా! ఆ పదకొండో మనిషి అమ్మేనటగా! కన్నతల్లిని పొమ్మనడానికి నీకు నోరెలా వచ్చిందే?" అంది అక్క, అందరూ వినేలా.

నర్సు మొహం మాడిపోయింది. "అమ్మని ముందుకి తోస్తే ఈ ఊరు నన్ను బతకనిస్తుందా? అంత ప్రేమ కారిపోతుంటే నువ్వే తీసుకెళ్ళి వేయించు."

"అమ్మ కార్డు మీ రాష్ట్రానిది. చూపిస్తే మావాళ్ళు గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. లేకపోతే నీ గడప తొక్కేదాన్నా? నాకైతే ఎప్పుడో వేసేశారు. మా దగ్గర మందు మిగిలితే నర్సులు రోడ్డు మీదకొచ్చి, దారిన పోయే మా ఊరివాళ్ళని పిలిచి మరీ వేస్తున్నారు."

"సిగ్గులేకపోతే సరి. కూరగాయలమ్ముకున్నట్టు కేకలా?"

అంతలో అమ్మకి దగ్గు తెర అందుకుంది. ఎంతకీ ఆగలేదు. టీకా పడకుండా ఊళ్ళో తిరుగుతున్న ఆ మహమ్మారి తగులుకుంటే ఈ మనిషి మిగలదని నర్సుకి తెలుసు. అక్క మీద కోపం, అమ్మ మీద భయం, రెండూ కలిసి ఆమెను ఫ్రిజ్ దాకా నడిపించాయి. సీసా మూత తీసేసింది.

వరసలో అందరికీ వేసి, చివర అమ్మకి వేస్తుండగా డాక్టరు గదిలోంచి ఊడిపడ్డాడు.

"పదో మనిషి ఏడీ? ఎవరినడిగి తెరిచావ్? మిగిలిన డోసు నీ నెత్తిన పోసుకుంటావా?"

నర్సు ఆ మిగిలిన మందుని కొత్త సిరంజిలోకి లాగింది. "మీరే సార్ పదో మనిషి. కూర్చోండి. ఇక్కడ సూది వేసేది నేనొక్కదాన్నే. మీకు నేను వెయ్యలేదు."

"నాకు... ఎప్పుడో అయిపోయింది."

"ఎక్కడ?"

డాక్టరు కిటికీలోంచి వంతెన వైపు చూశాడు. "అవతల... మా బావమరిది అడ్రసు మీద," అని గొణిగాడు.

నర్సుకి ఆయన మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. నిన్న ఇదే గుమ్మంలోంచి అమ్మని పంపించింది ఈ మనిషి మాట నిలబెట్టడానికే.

ఆమె సిరంజి ట్రేలో పెట్టి, విసవిసా గేటు దాకా వెళ్ళి రోడ్డు మీద నిలబడింది.

"టీకా ఉంది! ఒక్కరికే ఉంది! ఎవరైనా సరే, రండి!"

అవతలి రాష్ట్రం దాకా వినపడాలన్నట్టు గొంతు చించుకుంది.