నలభై ఏడో తప్పు

ఆ పెద్దమనిషికి మేము భూతద్దం అని పేరు పెట్టుకున్నాం. నలభై అయిదేళ్ళుంటాయి. ఒక పాత సినిమాలో నూట పన్నెండు తప్పులు పట్టాడట. ఆ ఘనకార్యానికి మురిసిపోయి, సినిమాను మళ్ళీ విడుదల చేస్తున్న కంపెనీ అతన్ని సలహాదారుగా పెట్టుకుంది. అతను తప్పు చూపిస్తే వాళ్ళు కంప్యూటర్లో దిద్దేస్తారు. ఫైటింగులూ నవ్వులూ కలిపిన సినిమా అది. ముప్పై ఏళ్ళుగా జనం కడుపు పట్టుకుని నవ్వుతుంటే, ఇతనొక్కడూ లెక్కపెడుతూ కూర్చున్నాడు.

ఆ సినిమాకు బట్టలు కుట్టింది నేను. అందుకే వెతుక్కుంటూ వచ్చాడు. అడగకుండానే నా కుట్టుమిషను మీద ల్యాప్‌టాప్ పెట్టాడు.

"అది ఆరు తూటాల రివాల్వరమ్మా. హీరో తొమ్మిది పేల్చాడు!" అన్నాడు, తనింట్లో దొంగలు పడ్డట్టు.

"మిగిలిన మూడూ నీకు తగిలాయా నాయనా?" అంది మా మరదలు వంటింట్లోంచి.

అతను నవ్వలేదు. నవ్వడం అతని లిస్టులో లేదు.

"హీరో చొక్కాకి మెట్ల మీద ఆరు గుండీలు. వీధిలోకొచ్చేసరికి అయిదు. ఎందుకమ్మా?"

"ఒకటి హీరోది, ఒకటి డూపుది. డూపు చొక్కాకి గుండీ ఊడింది. కుట్టేలోగా కెమెరా తిరిగింది."

"మరి స్కూటరు ముందు ఆ తాడేమిటి?"

"మీ హీరోకి స్కూటరు రాదు. ముగ్గురు మనుషులు తాడు కట్టి లాగారు."

అతని ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది. "అబ్బ! అయితే తాడు చెరపం. కథ తెలిశాక అది తప్పు కాదమ్మా, విశేషం. విశేషాన్ని ముట్టుకుంటే అభిమానులు ఊరుకోరు."

ఇదీ వీళ్ళ తెలివి. తెలియకపోతే తప్పు, తెలిస్తే విశేషం.

తర్వాత ఒక చోట బొమ్మ ఆపాడు. "ఇది నలభై ఏడోది. అన్నిటికన్నా ఘోరం."

మేడ మీంచి ఒక మనిషి పరుపుల దుకాణం పందిరి మీదకి దూకుతాడు. విగ్గు పక్కకి జారుతుంది. ముఖం మనవైపు తిరుగుతుంది. నవ్వుతున్నాడు.

"హీరో కాదు, ఎవడో డూపు! సోమవారం హీరో ముఖం అతికించేస్తున్నారు."

ఆ ఎవడో నా తమ్ముడు. మరదలి భర్త. ఆ దూకుడు దూకిన మూడు వారాలకి, "ఎల్లుండికల్లా వచ్చేస్తానక్కా" అని ఇంకో షూటింగుకు వెళ్ళాడు. అక్కడ తాడు తెగింది, దుప్పట్లో చుట్టి తెచ్చారు. అప్పట్నుంచీ ఎవరు చెప్పులు వేసుకున్నా నాకు గుండె జారుతుంది. వాడి ఫొటోలు రెండున్నాయి. కదిలే మనిషి మాత్రం అక్కడే ఉన్నాడు, ఆ రెండు క్షణాల్లో. ఎన్నిసార్లు చూసినా మా ఇద్దరికీ తనివి తీరదు.

"పోనీ, ఉంటే ఏం పోయింది?" అన్నాను.

"డూపు ముఖం ఎవడికి కావాలమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. దాంతోపాటే బుర్ర కూడా వెలిగింది.

"డూపని నీకెవరు చెప్పారు? ఆయన డైరెక్టరు."

"డైరెక్టరుకి గడ్డం కదమ్మా?"

"ఆ దూకుడు కోసమే గీయించుకున్నాడు. డూపు మేడెక్కి, కాళ్ళు వణికి దిగిపోయాడు. 'పిరికి సన్నాసీ, ఇటియ్యి చొక్కా' అని ఈయన తొడుక్కుని దూకాడు."

వంటింట్లో గిన్నె పడింది. డైరెక్టరు పోయి ఎన్నో ఏళ్ళయింది. కాదనడానికి ఎవరూ లేరు.

నూట పన్నెండు తప్పులు పట్టినవాడు నూట పదమూడోదాన్ని కళ్ళకద్దుకుని రాసుకున్నాడు. నలభై ఏడు కొట్టేశాడు. వెళ్తూ వెళ్తూ నా కాళ్ళకు దండం కూడా పెట్టాడు.

మరదలు గుమ్మంలో నిలబడింది. "మా ఆయన్ని పిరికివాడన్నావు వదినా."

"ఉంచాను కదే!"

"ముఖం ఉంచావు. మనిషిని పంపేశావు."

నెల రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. సినిమా వచ్చాక మాత్రం, తనే మధ్యాహ్నం ఆటకు బయలుదేరదీసింది.

తమ్ముడు దూకాడు. విగ్గు జారింది. మావైపు తిరిగి నవ్వాడు. హాలంతా ఈలలు, "డైరెక్టర్! డైరెక్టర్!" అని కేకలు.

మరదలు పక్క సీట్లో మనిషి చెయ్యి తట్టి, "డైరెక్టరు కాదు బాబూ, మా ఆయన" అంది.

అతను జాలిగా నవ్వాడు. "కాదు మామ్మా, డైరెక్టరే. అసలు డూపు భయపడి పారిపోయాడంట. అందరికీ తెలుసు."

ఆమె నావైపు తిరిగింది. "చెప్పు వదినా. నువ్వే చెప్పు."

"నా తమ్ముడే బాబూ! వాడు దేనికీ భయపడలేదు. ఆ మాట పుట్టించింది నేనే!" అని అరిచాను.

అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పాప్‌కార్న్ తీసుకుని అవతలి సీటులోకి జరిగాడు. ముందు వరుసలో ఎవరో "ష్‌" అన్నారు.